తోట కుదువ పెట్టబోయి

మా నాయనకు పక్షవాతం వచ్చి మూడేళ్లు దాటింది. కాలు కొంచెం ఈడ్చినా నడుస్తాడు, మాట తిరిగొచ్చింది. కుడి చెయ్యే రాలేదు. పిడికిలి ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. గోళ్లు కత్తిరించాలంటే వేళ్లు ఒక్కొక్కటే విప్పాలి, విప్పేలోపు అరుస్తాడు. అన్నిటికంటే ఆయన బాధ సంగటి ముద్ద ఎడమ చేత్తో తినడం. ఎవరైనా ఇంటికొస్తే, తర్వాత తింటానని లేచిపోతాడు.

చిత్తూరులో తెలిసినాయన ఒకరు స్టెమ్ సెల్ (మూలకణాల) వైద్యం మాట ఎత్తారు. వేరే ఊళ్లో ఉన్న ఒక క్లినిక్‌కు ఫోన్ చేస్తే రిపోర్టులు వాట్సాప్‌లో పెట్టమన్నారు. అరగంటలో జవాబు: మూడు విడతలు, నాలుగున్నర లక్షలు, ఈ నెలలోపు కడితే తగ్గింపు. వైద్యానికి ఆషాఢం ఆఫర్ ఏమిటో! అయినా ఆశ పుట్టింది.

నాయన అప్పటికే లెక్క వేసేశాడు. “తోట కుదువ పెడదాం లేరా. రెండు కాపులు పోతే పోతాయి, చెయ్యి వస్తాది గదా.”

తిరుపతిలో ఆయన్ను చూసే న్యూరాలజిస్టు దగ్గరికి ఫైలు తీసుకెళ్లాను. తిడతారేమోనని టెన్షన్. తిట్టలేదు. “ట్రయల్, అంటే ఇంకా పరీక్షించి చూస్తున్న వైద్యం అంటున్నారా? అయితే సీటీఆర్‌ఐ నంబరు అడగండి, మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ అది. డబ్బు అడిగారంటే ఆలోచించుకోండి” అన్నారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం మూలకణాల మార్పిడిని వైద్యంగా ఒప్పుకున్నది రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బులకే. పక్షవాతానికి చేస్తే ట్రయల్‌గానే చేయాలి, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు.

ఆ రాత్రి కూర్చుని చదివాను. మన దేశంలోనే 120 మంది మీద ఎముక మజ్జ కణాలతో చేసిన పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. హాని లేదు, లాభమూ కనబడలేదు. అయితే వాళ్లకు పక్షవాతం వచ్చి వారాలే అయింది. నాయన లాంటి పాత కేసుల మీద అమెరికాలో 18 మందికి పుర్రెకు రంధ్రం పెట్టి కణాలు ఎక్కించారు, కొందరు మెరుగయ్యారని 2016లో రాశారు. ఆ తర్వాత 163 మందితో, పోల్చి చూడటానికి కణాలు ఎక్కించని గుంపును కూడా పెట్టి చేస్తే అనుకున్న ఫలితం రాలేదని 2019లో తేలింది.

క్లినిక్‌కు మళ్లీ ఫోన్ చేసి నంబరు అడిగాను. “ఆఫీసులో ఉంది సార్” అంది ఆ అమ్మాయి. మూడోసారి అడిగితే, “మీ నాన్నగారి మీద ప్రేమ లేదా సార్?” అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నాయనకు చెప్పడమే కష్టమైంది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

డాక్టరు సలహాతో బిగువు తగ్గడానికి చేతికి బొటాక్స్ ఇంజెక్షన్ వేయించాం. దాని పని సుమారు మూడు నెలలే, వేళ్లకు బలం అదేమీ ఇవ్వదు. ఆ వెసులుబాటులో రోజూ ఫిజియో చేయించాం. ఇప్పుడు గోళ్లు కత్తిరిస్తే అరవడు. కుడి చేత్తో తట్ట కదలకుండా అదిమిపెడతాడు. ముద్ద మాత్రం ఎడమ చేత్తోనే. మొన్న మామ వచ్చినప్పుడు లేచిపోలేదు, తింటూనే బెంగళూరా మామిడికాయకు ధర లేదని తిట్టుకుంటూ కూర్చున్నాడు.