అమ్మ చీరలతో బొంత కుట్టాను: నా అనుభవం

బొంత నిన్న పూర్తయింది. చివరి ముడి వేసి దారం తెంపేసరికి సాయంత్రం ఆరున్నర అయింది. వేళ్లు ఇంకా మండుతున్నాయి. అయినా ఒక్క విషయం కూడా మర్చిపోకముందే రాసేయాలని కూర్చున్నాను.

మా అమ్మ పోయి ఏడాది దాటింది. సంవత్సరీకాలయ్యాక బీరువా సర్దితే పదకొండు చీరలు తేలాయి. పాత బట్టలకి స్టీలు సామాన్లు ఇచ్చే ఆమె వస్తే మా చెల్లెలు పిలిచింది. ఆమె ఒక్కో చీర విదిలించి, వెలుతురుకి పట్టి చిరుగులు చూసింది. "చాలావరకు నూలువే అయ్యగారూ, వీటికి పెద్దగా రాదు" అని ఓ చిన్న గిన్నె తీసి గడప మీద పెట్టింది. పావుకిలో పప్పు పడుతుందేమో. "ఇచ్చేద్దాం అన్నయ్యా, ఎవరు కట్టుకుంటారు?" అంది చెల్లెలు. నాకు మనసొప్పలేదు. గిన్నె వెనక్కిచ్చేశాను.

చిన్నప్పుడు అమ్మమ్మ కుట్టిన బొంత కింద పడుకున్నవాణ్ణి. ఎన్నో ఉతుకులు పడిన నూలు చీరకుండే మెత్తదనం కొత్త దుప్పటికి రాదు. నేను రిటైరై రెండేళ్లయింది. ముప్పై నాలుగేళ్లు అకౌంట్లు రాశాను. సూది పట్టింది చొక్కా గుండీలకే. అయినా సరే, ఈ చీరలు బొంత కావాలి, అది నేనే కుట్టాలి అనుకున్నాను.

మొదటి పనులు సులువుగానే జరిగాయి. నూలో కాదో అనుమానమున్న చీర నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చాను. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది. సింథటిక్ అయితే కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. అలా మూడు చీరలు పక్కకి పోయాయి. ఒక్క పట్టుచీర చెల్లెలు తీసుకుంది. మిగిలిన ఏడింటిలో రెండు వెంకటగిరి, మూడు మంగళగిరి, రెండు ఏ ఊరివో తెలియవు. జరీ అంచులు కత్తిరించేశాను. జరీ ఒంటికి గుచ్చుకుంటుంది, సూదీ సరిగా దిగదు.

లెక్కలు నాకు అలవాటైన పని. చీర పొడవు ఐదున్నర మీటర్లు, సగానికి కోస్తే సుమారు 9 అడుగులు. బొంత 7 అడుగుల పొడవు, 42 అంగుళాల వెడల్పు అనుకున్నాను. బాగా నలిగిన రెండు చీరలు సగానికి కోస్తే కింద నాలుగు పొరలు వచ్చాయి. పై పొరకి మరో రెండు చీరల్లోంచి 7 అంగుళాల చదరాలు 98 కోశాను. కుట్టులో పోగా ఒక్కోటి 6 అంగుళాలు మిగులుతుంది. అడ్డంగా ఏడు, నిలువుగా పద్నాలుగు. మా ఆవిడ పాత మిషను మీద నాలుగు రోజుల్లో జోడించి ఇచ్చింది.

ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. మంగళగిరి చీరల్లో ఒకటి ముదురు కుంకుమ రంగుది, అమ్మ ఎక్కువగా కట్టుకోలేదు. తడిపిన తెల్ల గుడ్డ దాని మీద పెట్టి ఇస్త్రీ చేస్తే గుడ్డ గులాబీ రంగుకి తిరిగింది. ఉప్పునీళ్లలో నానబెట్టమని నలుగురు చెప్పారు. నానబెట్టాను, నా చీరకైతే ఏమీ ఒరగలేదు. నీళ్లు మార్చి మార్చి ఆరుసార్లు ఉతికాకే రంగు దిగడం ఆగింది. ఆ పరీక్ష చేయకుండా కుట్టి ఉంటే మొదటి ఉతుకులోనే తెల్ల ముక్కలన్నీ పాడయ్యేవి.

ఇక అసలు కష్టం.

ఐదు పొరలూ డైనింగ్ టేబుల్ మీద పరిచాను. అమ్మమ్మ బొంతలో కుట్టు వరసలు అంచు నుంచి లోపలికి చదరంలో చదరంలా తిరుగుతూ వెళ్లినట్టు గుర్తు. నేనూ అలాగే నాలుగు అంచులూ ముందు బిగించి లోపలికి తిరుగుతూ వచ్చాను. రోజుకి రెండు గంటలు. పది రోజులకి మధ్యలో కాస్త ఉబ్బినట్టు కనిపించింది. ఇస్త్రీ చేస్తే సర్దుకుంటుందనుకున్నాను. పదిహేనో రోజుకి అది చేతికి తగిలేంత పొంగు అయింది. అప్పుడైనా ఆగాల్సింది. ఇరవై రెండు రోజులకి మధ్యలో బెత్తెడు మేర మిగిలింది. ఆ బెత్తెడు జాగాలో ఐదు పొరలూ పూరీలా పొంగి కూర్చున్నాయి. తడిపాను, బరువు పెట్టాను, టేపుతో కొలిచాను. అంచు దగ్గర పొడవు 82 అంగుళాలకి దిగింది, మధ్యలో మాత్రం 84 అలాగే ఉంది. రెండు అంగుళాలు ఎక్కడికి పోయాయో నాకు అంతుబట్టలేదు. ముప్పై నాలుగేళ్లలో తేలని పద్దు లేదు నాకు. ఇది తేలలేదు.

అంచుకి పట్టీ మిషను మీద వేయిస్తే సాగి సర్దుకుంటుందేమోనని ఆశ. మా మిషనులో పాదం కింద ఐదు పొరలు దూరలేదు, సూది విరిగింది. అందుకని మా వీధి చివర టైలరు షాపుకి పట్టుకెళ్లాను. మా ఆవిడ జాకెట్లు ఎన్నో ఏళ్లుగా అక్కడే కుట్టిస్తున్నాం.

ఆయన బల్ల మీద పరిచి రెండు అంచులూ పట్టి లాగాడు. మధ్యలో పొంగు ఇంకా లేచింది.

"ఏంటి సార్ ఇది? లోపల ఏమైనా పెట్టి కుట్టారా?"

"లేదు, నూలు చీరలే. ఐదు పొరలు."

"మేడమ్ గారు కుట్టారా?"

"నేనే కుట్టాను."

ఆయన నా మొహం చూశాడు, బొంత చూశాడు. లోపల మిషను దగ్గరున్న కుర్రాణ్ణి కేకేశాడు. "ఒరేయ్, ఇలా రా. సార్ బొంత కుట్టారంట!" షాపులో జాకెట్ల కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు తిరిగి చూశారు. ఒకావిడ మా అపార్ట్‌మెంటే, మా పై ఫ్లోరు. టైలరు ఆ పొంగుని వేలితో రెండుసార్లు పొడిచి, "గంతకు తగ్గ బొంత అంటారు చూడండి, అదీ" అని నవ్వాడు. కుర్రాడు నవ్వాడు. ఆ ఇద్దరూ నవ్వారు. పై ఫ్లోరు ఆవిడ నవ్వాపుకోవడానికి పైట అడ్డం పెట్టుకుంది. "మిషను కిందకి వెళ్లదు సార్. వెళ్లినా మడత కుట్టులో పడిపోతుంది. మొత్తం ఊడదీసి పట్టుకురండి, అప్పుడు చూద్దాం." అని దాన్ని మడవకుండా ఉండలా చుట్టి, కత్తిరింపు ముక్కలు పడేసే గోనెసంచి పక్కన నేల మీద పెట్టాడు.

ఆ కుంకుమ రంగు ముక్క పైకి కనబడుతూ ఉంది. దాన్ని మా అమ్మ నా రిటైర్మెంట్ ఫంక్షన్‌కి కట్టుకుంది. ఆ సంగతి ఆయనకి తెలియదు, నేనూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. గొంతు పెగల్లేదు. బొంత తీసుకుని ఇంటికొచ్చి, మా ఆవిడ అడిగినా మాట్లాడకుండా పడుకున్నాను. అరవై ఏళ్ల వయసులో నడివీధిలో నిలబెట్టినట్టయింది.

మిషను సంగతి ఆయన చెప్పింది నిజమే. అది నాకు తర్వాత తెలిసింది. కానీ ఆ మాట నవ్వకుండా కూడా చెప్పొచ్చు. సూది పని తెలిసినవాడికి సూది పట్టుకున్నవాడి కష్టం తెలియాలి. కొత్తగా కుట్టేవాళ్లకి నేను ఖచ్చితంగా చెప్పేది ఒకటే, సగం కుట్టిన బొంత టైలరు షాపుకి పట్టుకెళ్లకండి. మా ఇంటి జాకెట్లు ఇప్పుడు వేరే చోట కుట్టిస్తున్నాం.

ఇరవై రెండు రోజుల కుట్టు ఊడదీయడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. ప్రతి నాలుగో కుట్టు చిన్న కత్తెరతో తెంపి వెనక నుంచి దారం లాగాలి. తొందరపడి గుంజితే పాత నూలు చిరుగుతుంది. రెండు చోట్ల చిరిగింది కూడా. సూది కన్నాలు చూసి భయపడ్డాను గానీ, తడిపి ఆరేస్తే చాలావరకు పూడుకున్నాయి.

ఆ వారమే పొలం కాగితాల పని మీద రేపల్లె దగ్గర మా ఊరు వెళ్లాల్సి వచ్చింది. బొంత పొరలు సంచిలో పెట్టుకుని వెళ్లాను. మా వీధిలో ఒక పెద్దావిడ ఉంది, అత్తా అని పిలుస్తాను. ఒకప్పుడు ఊళ్లో సగం ఇళ్లకి బొంతలు కుట్టిన మనిషి. ఇప్పుడు చూపు ఆనదు. జరిగిందంతా చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"ఎక్కడ కూర్చుని కుట్టావురా అబ్బాయ్?"

"టేబుల్ మీద అత్తా."

"సగం బొంత కిందికి వేలాడుతుంటే ఆ బరువు పైపొరని లాగదూ? బొంత నేల మీద పరచాలి. దాని మీద నువ్వు కూర్చోవాలి. నీ బరువే పొరల్ని పట్టుకుంటది. అయినా నాలుగు అంచులూ ముందే బిగించేస్తే లోపలి పొంగు ఎటు పోద్దిరా?"

నా రెండు అంగుళాల లెక్క అక్కడ తేలింది. కుట్టు పడినకొద్దీ బట్ట కొంచెం కొంచెం దగ్గరికి లాక్కుంటుంది. అంచులు ముందే కుట్టేశాను కాబట్టి అవి కుంచించుకున్నాయి. నడుమ బట్ట మాత్రం అంతే ఉంది, పోవడానికి దారి లేక పైకి లేచింది. అమ్మమ్మ అంచు నుంచి కుట్టింది నిజమేనట. చెయ్యి తిరిగినవాళ్లు ముక్కలు అప్పటికప్పుడు సర్దుకుంటూ పోతారు గనుక వాళ్లకి పొంగు రాదని, కొత్తవాళ్లు నడుమ నుంచే బయటికి రావాలని చెప్పింది.

ఆవిడ అరుగు మీద పొరలు పరిపించింది. చూపు లేకపోయినా అరచేయి మధ్యలో ఆనించి బయటికి తోస్తూ వెళ్లింది. ఎక్కడో ఒకచోట చెయ్యి ఆగింది. "ఇక్కడ లోపల మడతుంది" అంది. తీసి చూస్తే మూడో పొరలో నిజంగానే మడత ఉంది. తర్వాత నా చేత సూది ఎక్కించి నాలుగు కుట్లు ఒకేసారి సూదికి గుచ్చి దారం లాగింది. లాగి ఊరుకోలేదు. కుట్టిన వరస మీద బొటనవేలు పెట్టి వెనక నుంచి ముందుకి దువ్వింది. బిగిసిన దారం కాస్త వదులై బట్ట నేలకి ఒదిగింది. "లాగినప్పుడల్లా దువ్వు. దువ్వకుండా రెండో సూది వెయ్యకు." నా ఇరవై రెండు రోజుల పనిలో లేనిది ఆ దువ్వడమే.

ఇంటికొచ్చి హాల్లో సోఫా జరిపించి నేల మీద మొదలుపెట్టాను. ముందు జానెడు ఎడంగా అడ్డంగా, నిలువుగా కచ్చాకుట్లు వేశాను, అంటే పొరలు కదలకుండా పట్టి ఉంచే తాత్కాలిక కుట్లు. ఒక్కడివల్ల కాదు, మా ఆవిడ అవతలి అంచు పట్టుకుంది. నడుమ నుంచి అటు 28 వరసలు, ఇటు 28. మొత్తం 56 వరసలు, ఒక్కోటి 7 అడుగులు, అంటే 392 అడుగుల కుట్టు. అంగుళానికి మూడు కుట్లు, పద్నాలుగు వేల పైచిలుకు. ఇది గొప్ప కోసమే చెబుతున్నాను, చెప్పుకునే హక్కు నాకుంది.

దారం గురించి రెండు మాటలు. మిషను దారం సన్నం, పాత నూలు మీద తెగిపోతుంది. లావు నూలు దారం అడిగి తెచ్చుకోండి. బారెడు దారం తీస్తే ముడులు పడి విసుగొస్తుంది, మూరన్నర చాలు. తేనె మైనం మీద ఒకసారి లాగితే చిక్కు పడదు. మధ్యవేలికి ఇత్తడి టోపీ తప్పనిసరి. అంగుస్తానా అని అడిగితే కుట్టు సామాన్ల కొట్లో ఇస్తారు. నేను మొదటి వారం అది లేకుండా కుట్టి వేలి కొన చీము పట్టించుకున్నాను.

కుట్టినన్నాళ్లూ టీవీలో వార్తలు పెట్టుకునేవాణ్ణి. ఒకరోజు ఎవరో సంకీర్ణ ప్రభుత్వాన్ని అతుకుల బొంత అని తిట్టారు. నేనూ ఆఫీసులో ఎన్నోసార్లు అన్న మాటే. ఆరోజు మాత్రం నాకు కోపం వచ్చింది. అతుకులు వేసింది విడిపోవడానికి కాదు. 98 ముక్కలు, ఐదు పొరలు, పట్టి లాగితే ఒక్క ముక్క ఊడి రాదు. బెంగాల్ వాళ్ల కాంథాకి, బీహార్ వాళ్ల సుజనీకి భౌగోళిక గుర్తింపు ఉంది. పాత చీరల పొరలు కలిపి సాదా కుట్టు వేయడమే వాటికీ మూలం. ఎగ్జిబిషన్‌లో కాంథాని డబ్బు పోసి కొంటాం. మన అమ్మమ్మల బొంతని మాత్రం చుట్టాలొస్తే మంచం కింద దాచేస్తాం. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది. ఇంట్లో పాత బొంత ఉంటే దయచేసి దాచకండి, పరవండి.

అంచు పట్టీ కూడా చేత్తోనే వేశాను, మూడు రోజులు. పొంగు లేదు. ఎడమ మూల అడుగున వేలెడు మడత ఒకటి ఉండిపోయింది. దాన్ని ఊడదీయదలచుకోలేదు.

బొంత ఫొటో పంపితే చెల్లెలు ఫోన్ చేసింది. కుంకుమ రంగు ముక్కలు గుర్తుపట్టి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనకీ ఒకటి కావాలంది. చీరలు మూడే మిగిలాయి, పై పొరకి తన పాత నూలు చీరలు కొన్ని తెచ్చుకోమన్నాను. సంక్రాంతికి వచ్చినప్పుడు నాలుగు రోజులు ఎక్కువ ఉండేలా రమ్మన్నాను. కచ్చాకుట్లు వేసేటప్పుడు అవతలి అంచు ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా.