పెంకు గట్టిపడకముందే

గుంటూరు దగ్గర మిరప పండించే ఇంట్లో పుట్టిన నేను, ఆరేళ్లుగా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పరిసరాల్లో బాదం, పిస్తా తోటలు తిరుగుతూ పురుగుల జాడ కనిపెట్టే ఉద్యోగం చేస్తున్నాను. ఈ సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు నాన్న అడిగారు: "మందు కొట్టేది నువ్వు కాదు, కోసేది నువ్వు కాదు, మరి నీకు జీతం దేనికిరా?"

అక్కడ మాకు నిద్ర పట్టనివ్వనిది లెప్టోగ్లాసస్ జాతి నల్లి. దాని వెనక కాళ్లు ఆకుల్లా వెడల్పుగా ఉంటాయి. చలికాలమంతా దానిమ్మ చెట్లలోనో కట్టెల మోపుల్లోనో గుంపుగా తలదాచుకుని, మార్చి, ఏప్రిల్ నెలల్లో బాదం తోటల మీదికి ఎగిరి వస్తుంది. అప్పటికి కాయ లేతగా, పెంకు మెత్తగా ఉంటుంది కాబట్టి, సూదిలాంటి నోటిని పప్పు దాకా దించి రసం పీల్చేస్తుంది. అలాంటి కాయ చాలావరకు ఎండి రాలిపోతుంది. కాస్త ముదిరాక పొడిస్తే కాయ చెట్టునే నిలుస్తుంది గాని పప్పు మీద నల్లమచ్చ పడుతుంది, ఆ సంగతి కోత అయి పెంకు తీసేదాకా బయటపడదు. మన మిర్చి యార్డులో తాలుకాయకు పట్టే గతే ఆ పప్పుకూ పడుతుంది.

పొడిచిన కాయ మీద వారం పది రోజులకు గాజుపూసలాంటి బంక చుక్క కనిపిస్తుంది. బోరాన్ లోపం వల్ల కూడా బంక కారుతుంది కాబట్టి, చాకుతో కాయను చీల్చి, చుక్క కింద నుంచి లోపలికి వెళ్లిన సన్నని గోధుమరంగు గీత ఉందో లేదో చూస్తాను. గీత ఉంటే నల్లి వచ్చిందని అర్థం, అయితే అప్పటికి అది ఇంకో తోటకు వెళ్లిపోయి కూడా ఉండవచ్చు. రెండో ఏడాది నేను చేతికి అందే కొమ్మలు మాత్రమే తట్టి చూసి, ఏమీ లేవని రాసి ఇచ్చాను. నల్లులు చిటారు కొమ్మల్లో ఉన్నాయి. రెండు వారాలకు చెట్ల కింద పచ్చికాయలు పరిచినట్టు రాలాయి. యజమాని ఒక్క మాటా అనలేదు, ఆ బాధ మాత్రం నాకు ఇప్పటికీ పోలేదు. అప్పటినుంచి పొడవాటి గెడ లేకుండా తోటలో అడుగు పెట్టను.

ఇదంతా విన్న నాన్నకు 2021–22లో నల్ల తామర పురుగు మా చేను తినేసిన రోజులు గుర్తొచ్చాయి. పూత రాలాక ఎన్ని మందులు కొట్టినా కాపు నిలవలేదు. మర్నాడు పొద్దున్నే ఆయన చేలోకి వెళ్లి, భుజం మీది తెల్ల తువ్వాలును సాలు పక్కన పరిచి, ఒక్కొక్క మిరప పువ్వునూ దాని మీద దులపసాగారు.