నాయిన సుత్తె, మాన్సల్ లోయ

సొరంగం లోపలికి పోగానే గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా, తడిగా ఉంది. పైన రాయంతా నల్లగా మసిబారి ఉంది. ఆ దారిన ఆఖరి రైలు పోయింది 1968లో. పట్టాలు పీకేశారు, ఇంజన్ల కాలమే మారిపోయింది, కానీ మసి మాత్రం అట్లనే ఉంది. నా వెనక మనవరాలు సైకిలు బెల్లు కొడుతూ, చప్పుడు గోడలకు తగిలి తిరిగొస్తుంటే వింటోంది.

ఈ జూన్‌లో మా బిడ్డ దగ్గరికి ఇంగ్లండ్ పోయి నెలన్నర ఉండి వచ్చాను. వాళ్లుండేది షెఫీల్డ్‌లో. ఒక ఆదివారం అల్లుడు, "మామయ్యా, మీకు నచ్చే చోటొకటుంది, నడవగలరా?" అని డెర్బీషైర్ తీసుకుపోయాడు. అక్కడ వై అనే నది లోయ వెంట ఒకప్పుడు మిడ్‌లాండ్ రైల్వే వాళ్ల లైను ఉండేది. 1863లో మొదలై నూటయిదేండ్లు నడిచింది. లైను మూసేశాక ఆ కట్టనే నడకదారి చేశారు. మాన్సల్ ట్రెయిల్ అంటారు. మొత్తం ఎనిమిదిన్నర మైళ్లు. మేం బేక్‌వెల్ అనే ఊరి దగ్గర మొదలుపెట్టి మిల్లర్స్‌డేల్ స్టేషన్ దాకా నడిచాం.

అల్లుడు నన్ను అక్కడికే ఎందుకు తీసుకుపోయాడంటే, మా నాయిన రైల్వేలో కీమ్యాన్, అంటే పట్టాలను పట్టి ఉంచే ఇనుప కీలు వదులయ్యాయేమో చూసుకుంటూ తిరిగే మనిషి. దేవరకద్ర, కౌకుంట్ల మధ్య ఆయన బీటు. అప్పుడు మాది మీటర్ గేజ్ (పట్టాల మధ్య ఒక మీటరే) లైను, సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా ద్రోణాచలం పోయేది. పొద్దు పొడవకముందే భుజాన సుత్తె, చేతిలో పానా, చంకలో ఎర్రజెండా, పచ్చజెండా. పోయేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు రెండో పట్టా చూసుకుంటూ నడిచేవాడు. సెలవు రోజుల్లో నేనూ వెంట పోయేవాణ్ని. కీ మీద సుత్తెతో ఒక్కటి వేస్తే 'ఠంగ్'మంటే బిగువుగా ఉన్నట్టు. 'డబ్'మంటే వదులైనట్టు. వంగి చూడాల్సిన పనే లేదు, చెవే చెప్పేది. "రైలుకు కండ్లుండవు బిడ్డా, మనమే దాని కండ్లు" అనేవాడు.

ఆ రోజు మాన్సల్ దారిలో పది అడుగులు వేయగానే నాకు నాయిన నడక గుర్తొచ్చింది. రోడ్డు నడక వేరు, రైలుకట్ట నడక వేరు. రోడ్డు గుట్ట వస్తే ఎక్కుతుంది, పల్లం వస్తే దిగుతుంది. రైలుకు అది కుదరదు. బరువు లాగే ఇంజనుకు వాలు ఎంత తక్కువుంటే అంత మంచిది. మలుపు తిరిగినా పెద్ద వంపుగా, నిదానంగా తిరగాలి. అందుకే ఆ దారిలో ఎక్కుతున్న సంగతే కాళ్లకు తెలియదు. నాకు అరవై ఏడేండ్లు, ఎడమ మోకాలు నొప్పి. మా ఊళ్లో గుడి మెట్లెక్కినా ఆగి ఆగి ఎక్కుతాను. అక్కడ సుమారు పది కిలోమీటర్లు నడిచాను. చుట్టూ కొండలే, కానీ కాలి కింద కొండ లేదు. లైను అమరిక గీసిన మనిషి ఎవరోగాని చెయ్యెత్తి దండం పెట్టాలనిపించింది.

నేను మసి చూసింది హెడ్‌స్టోన్ సొరంగంలో. సుమారు అర కిలోమీటరు పొడవు. చాలా ఏండ్లు ఈ సొరంగాలు మూసి ఉండేవట, 2011లో లైట్లు పెట్టి జనానికి తెరిచారు. అందులోంచి బయటికి రాగానే ఒక్కసారిగా లోయ మీద తేలతాం. ఐదు కమానుల రాతి వంతెన, కింద వై నది. నది అంటే మన కృష్ణమ్మ లాంటిది అనుకోకండి. మదనాపురం దగ్గర ఊకచెట్టు వాగంత కూడా ఉండదేమో. కానీ నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే, వంతెన మీద నుంచి కింద రాళ్లు, వాటి మీద ఊగే నాచు కనిపించాయి.

ఈ వంతెన కట్టినందుకు జాన్ రస్కిన్ అనే పెద్ద రచయితకు విపరీతమైన కోపం వచ్చిందట. బక్స్‌టన్ అనే ఊళ్లోని ప్రతి మూర్ఖుడూ అరగంటలో బేక్‌వెల్ చేరడం కోసం దేవతలు తిరిగే లోయను పాడు చేశారని రాశాడు. ఇప్పుడు జనం ఫొటోలు తీసుకునేది ఆ వంతెననే. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. కానీ మా అమ్మను పురుడు కష్టమైతే రాత్రి ప్యాసింజర్‌లోనే మహబూబ్‌నగర్ ఆస్పత్రికి తీసుకుపోయారు. ఆ పురిటి బిడ్డ మా చెల్లె. రైలు లేని ఊరి సంగతి తెలిసినవాళ్లు అరగంటను తక్కువ చేసి మాట్లాడరు.

తర్వాత క్రెస్‌బ్రూక్, లిట్టన్ సొరంగాలు. వాటి మధ్య కింద నది ఒడ్డున పాత నూలు మిల్లు కనిపిస్తుంది. రైలు రాకముందు నుంచే ఆ లోయలో నది నీటితో తిరిగే మిల్లులుండేవి. లిట్టన్ మిల్లులో లండన్ నుంచి తెచ్చిన అనాథ పిల్లలతో పొద్దస్తమానం పని చేయించారట. ముప్పై ఏండ్లు బడిపంతులుగా చేసినవాణ్ని, ఆ మాట విన్నాక ఆ అందమైన లోయను మామూలుగా చూడలేకపోయాను.

సున్నపురాయి కొండను తొలిచిన ఈ సొరంగాలకు ఇప్పటి యంత్రాలు లేవు. గడ్డపార, పార, తుపాకిమందు, మనుషుల రెక్కలు. వంతెన కింది రాయి మీద ఉలి గాట్లు ఇంకా ఉన్నాయి, వేలు పెట్టి తడిమాను. ఎక్కడ ప్రాజెక్టు కడుతున్నా గుడిసెలేసుకొని పోయే మన పాలమూరు లేబరే కండ్ల ముందు మెదిలారు. దారిలో ఇంజనీర్ల సంగతి, కంపెనీ సంగతి రాసిన బోర్డులున్నాయి. కూలివాళ్ల పేర్లకోసం వెతికాను. నేను చూసిన బోర్డుల్లో కనిపించలేదు.

మిల్లర్స్‌డేల్‌లో పాత ప్లాట్‌ఫారాలు అట్లనే ఉన్నాయి. పట్టాలుండాల్సిన చోట జనం నడుస్తున్నారు. అంచున కూర్చొని టీ తాగుతూ మనవరాలికి నాయిన సుత్తె కథ చెప్పాను. "తాతా, ఠంగ్ అంటే ఎట్లుంటది, చేసి చూపించు" అంది. అక్కడ కొట్టడానికి ఇనుమే లేదు.

మా దిక్కు మీటర్ గేజ్ పీకేసి తొంభైల్లో బ్రాడ్ గేజ్ వేశారు. ఒక మీటరున్న వెడల్పు 1676 మిల్లీమీటర్లయింది. రైళ్లు పెరిగాయి, మంచిదే. నాయిన అప్పటికే రిటైరయ్యాడు. పట్టాల కింద అడ్డంగా వేసే పాత ఇనుప స్లీపరు ముక్కొకటి స్క్రాపు వేలంలో కొన్నవాళ్ల దగ్గర అడిగి తెచ్చి, మా ఇంటి ముందు కాలువ మీద వేశాడు. ఇప్పటికీ దాని మీదనే అడుగేసి ఇంట్లోకి వస్తాం. నడిమిట్ల నున్నగా మెరుస్తుంది, అంచులు తుప్పు.

వచ్చిన తెల్లారే అటక మీది సుత్తె దించాను. పిడి మీద నాయిన బొటనవేలు ఆనే చోట చిన్న గుంట ఉంది, నా వేలు అందులో సరిగ్గా కూర్చుంది. స్లీపరు కింద మట్టి తీసి, రెండు రాళ్ల మీద లేపి, ఫోన్ రికార్డింగ్ పెట్టి ఒక్కటి వేశాను. ఎదురింటి వాళ్లు బయటికి వచ్చి చూశారు. వాట్సాప్‌లో పంపితే సాయంత్రానికి మనవరాలి వాయిస్ మెసేజ్ వచ్చింది: "తాతా, ఇది బిగువుదే కదా?"