మోకాలి ఆపరేషన్ తరువాత మళ్ళీ ఫైరింజను ఎక్కడానికి

నీళ్ళు నిండిన హోస్‌ను లాగుతూ ఒక్కసారిగా పక్కకు తిరిగినప్పుడు, బురదలో దిగబడిన పాదం కదలకపోవడంతో నా కుడి మోకాలు మెలిపడి, కీలు లోపల ఎముకలను కలిపి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ పూర్తిగా తెగిపోయింది. తొడ వెనుక నుంచి తీసిన టెండన్‌తో (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీతో) కొత్త లిగమెంట్ అమర్చారు. ఆ తరువాత నన్ను వాచ్‌రూములో కాల్స్ తీసుకునే పనికి మార్చారు.

మొదట్లో బరువుల ప్రసక్తే లేదు. వాపు తగ్గడం, మోకాలు పూర్తిగా చాపగలగడం, తొడ ముందు కండరాన్ని బిగించగలగడం మాత్రమే లక్ష్యాలు. నొప్పి తగ్గిన దశలోనే ఎక్కువ జాగ్రత్త అవసరమని ఫిజియోథెరపిస్టు హెచ్చరించారు. అమర్చిన టెండన్‌లోకి కొత్తగా రక్తనాళాలు పెరిగి అది లిగమెంట్‌గా మారే క్రమంలో, తొలి నెలల్లో అది పెట్టిననాటి కన్నా బలహీనంగా ఉంటుందట.

తరువాత స్క్వాట్లు మొదలయ్యాయి. రెండు కాళ్ళతో చేసే వ్యాయామంలో మంచి కాలు భారమంతా మోసి బలహీనతను కప్పిపెడుతుంది కనుక, ఎక్కువ సమయం ఒంటికాలితో బరువును నెట్టే లెగ్ ప్రెస్‌కూ, పీట మీద నుంచి నిదానంగా ఒక కాలు కిందికి దించే వ్యాయామానికీ కేటాయించాము. మళ్ళీ పూర్తిస్థాయిలో దిగాలంటే గాయపడిన కాలు రెండో కాలి బలంలో కనీసం 90 శాతానికి చేరాలనీ, ఆపరేషన్ తరువాత 9 నెలలు నిండాలనీ సాధారణంగా చెబుతారు. అయితే ఇన్నాళ్ళ విశ్రాంతిలో రెండో కాలు కూడా నీరసించి ఉంటుంది కాబట్టి, ఆ శాతాన్ని ఒక్కదాన్నే నమ్మడం సరికాదని నా అభిప్రాయం.

పైగా ఆ కొలమానాలు ప్రధానంగా క్రీడాకారుల కోసం ఏర్పడినవి. 63 మిల్లీమీటర్ల వ్యాసం, 15 మీటర్ల పొడవు ఉన్న హోస్‌లో దాదాపు 47 లీటర్ల నీరు పడుతుంది. ఆ భారాన్ని వంగి, మోకాళ్ళ మీద పాకుతూ లాగవలసిన అవసరం ఏ ఆటగాడికీ రాదు. అందుకే చివరి నెలల్లో ఇసుక బస్తాను వెనక్కి నడుస్తూ లాగడం, బరువు చొక్కాతో మెట్లు ఎక్కి దిగడం చేర్చుకున్నాను. ఎక్కడం ఊపిరికి పరీక్ష అయితే, దిగడం మోకాలికి పరీక్ష. నాకు ఆలస్యంగా పట్టుబడింది దిగడమే.

ఊపిరి సంగతి కూడా తేలికైనది కాదు. పొగలోకి వెళ్ళేటప్పుడు ఊపిరి కోసం వీపున తగిలించుకునే, 300 బార్ ఒత్తిడితో నింపిన 6 లీటర్ల సిలిండర్‌లో సుమారు 1800 లీటర్ల గాలి ఉంటుంది. నిమిషానికి 40 లీటర్ల లెక్కన అది 45 నిమిషాలు వస్తుంది, కానీ దమ్ము తగ్గిన మనిషి దాన్ని ఎంతో ముందే ఖాళీ చేస్తాడు. అందువల్ల మోకాలికి కుదుపు లేని సైకిల్ తొక్కడాన్ని మొదటి నుంచీ మానలేదు.

డాక్టరు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చాక, మా స్టేషన్ ఆఫీసరు పూర్తి కిట్‌తో హోస్ డ్రిల్, నిచ్చెన డ్రిల్ చేయించి చూసిన తరువాతే నన్ను బండి మీదికి పంపారు. ఒంటికాలి వ్యాయామాలను ఇప్పటికీ కొనసాగిస్తున్నాను. అయితే అలసిన తొడలతో కాల్‌కు వెళ్ళవలసి రాకుండా, భారీ బరువులను సెలవు రోజులకే పరిమితం చేసుకున్నాను.