కత్తిరించిన షీటులో కోడ్ ఎక్కడ?

మా పెద్దమ్మ కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడుతుంది. అది వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవలసిన మాత్ర. వేరే జబ్బుతో హన్మకొండలోని ఒక ఆసుపత్రిలో చేరినప్పుడు, పాత చీటీలోని మందులను వార్డు రిజిస్టరులోకి ఎక్కిస్తూ దాన్ని రోజువారీ మందుగా రాశారు. నోరంతా పుండ్లు పడి, తెల్ల రక్తకణాలు తగ్గిపోయిన తర్వాత గానీ ఎవరికీ అనుమానం రాలేదు. ఆమె కోలుకున్నది. వార్డంతటినీ ఒంటరిగా చూసుకుంటున్న ఆ నర్సమ్మను తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. ఒక చేతిరాతను చూసి మరో చేతిరాతలోకి ఎక్కించే పద్ధతిలోనే ప్రమాదం ఉన్నది.

అమెరికాలో బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో చేసిన అధ్యయనం ఒకటి 2010లో వెలువడింది. అక్కడ వైద్యుడు కంప్యూటరులో రాసిన మందు తిరగరాత లేకుండా నర్సు ముందుకు వస్తుంది. రోగి చేతిపట్టీ మీది బార్‌కోడ్, మందు మీది బార్‌కోడ్ ఆ ఆదేశంతో సరిపోకపోతే యంత్రం హెచ్చరిస్తుంది. వేళ తప్పడం మినహా, మందు ఇవ్వడంలో జరిగే పొరపాట్లు 11.5 శాతం నుంచి 6.8 శాతానికి తగ్గాయి. తిరగరాతలో దొర్లే తప్పులైతే పూర్తిగా పోయాయి. మా పెద్దమ్మకు జరిగింది సరిగ్గా ఆ తప్పే కనుక, ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

అయితే వైద్యుడే పొరపాటున 'రోజూ' అని రాస్తే బార్‌కోడ్ కాపాడలేదు. మెథోట్రెక్సేట్ మాత్రను కంప్యూటరు ముందుగానే వారానికొకసారిగా చూపాలి. రోజూ ఇవ్వాలంటే కారణం అడగాలి. ప్రతి మందుకూ హెచ్చరిక మోగితే మాత్రం ఎవరూ చదవరు.

మన దేశంలో 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్ల మందుల మీద బార్‌కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ తప్పనిసరి. అది ప్రధానంగా నకిలీ మందులను పట్టుకోవడానికి తెచ్చిన నియమం. లేబుల్ మీద చోటు లేకపోతే పైడబ్బా మీద ముద్రించినా చాలు. మన దగ్గరేమో "నాలుగు గోలీలు ఇయ్యన్నా" అంటే షాపాయన కత్తెర అందుకుంటాడు. మొన్న పెద్దమ్మకు తెచ్చిన ముక్క మీద కోడ్ సంగతి అటుంచి, మందు పేరు కూడా సగమే మిగిలింది. గడువు తేదీ అసలే లేదు. రోగి మంచం దగ్గరికి ఇలాంటి ముక్క వస్తే, ఎంత ఖరీదైన స్కానరైనా దేన్ని చదవాలి?

వరంగల్‌లో పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల ఆసుపత్రిని తలపెట్టారు. అక్కడి ఫార్మసీలో ఒక్కో మాత్రను విడిగా ప్యాక్ చేసి, పేరు, మోతాదు, గడువు, కోడ్ ముద్రించే చిన్న యంత్రానికి ఒక గది కేటాయించాలని నా విన్నపం. స్కానర్లు ఆ తర్వాత కొనవచ్చు.