కొబ్బరిపాలు పులిశాయి, తోడుకోలేదు

ఆదివారం

మళ్లీ అదే. పొద్దున్నే హాట్‌ప్యాక్ మూత తీసి చూస్తే, పెరుగు కోసం తోడు పెట్టిన కొబ్బరిపాల గాజు సీసాలో మూడు పొరలు. పైన రెండు వేళ్ల మందాన తెల్లటి మీగడ, దాని కింద పలచటి పాలు, అట్టడుగున తేట నీళ్లు. సీసా కాస్త వంచగానే మీగడ మొత్తం ఒక పక్కకి జారింది, తేట దాని కిందనుంచి పైకి పాకింది. వాసన బ్రహ్మాండం. చెంచాతో నాకి చూస్తే పులుపు ఎంత ఉండాలో అంతే ఉంది. పీహెచ్ మీటరు 4.4 చూపించింది (పులుపు కొలత అది, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). పులవడంలో ఏ లోటూ లేదు, తోడుకోవడమే లేదు. ఒళ్లు మండిపోయింది.

పాలు, పెరుగు, నెయ్యి మానేశాక మా కోనసీమలో తిండికి పెద్ద కష్టమేమీ రాలేదు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కంద బచ్చలి, కొబ్బరి పచ్చడి, ముద్దపప్పులో ఆవకాయ, ఇవన్నీ ఎలాగూ నెయ్యి లేకుండా బతికేవే. పెళ్లి భోజనాల్లోనే చికాకు. వద్దనేలోపే పప్పు మీద నెయ్యి ధార పడిపోతుంది. బి12 మాత్ర వేసుకుంటున్నాను, ఆ విషయంలో మాత్రం ఎవరూ మొండికెయ్యకండి, మొక్కల తిండిలో అది నమ్మకంగా దొరకదు. అసలు చిక్కంతా విస్తట్లో చివరి ముద్ద దగ్గర. పెరుగన్నం తినకపోతే మా ఇంట్లో భోజనం అయినట్టు లెక్క కాదు. "అప్పుడే లేచిపోతావేంటమ్మాయ్" అంటారు అత్తయ్యగారు.

వేరుశనగ పాలతో పెరుగు బాగానే వస్తోంది (150 గ్రాముల పలుకులకి లీటరు నీళ్లు), మజ్జిగ పులుసుకి దాన్ని మించింది లేదు. సోయా ఇంకా గట్టిగా తోడుకుంటుంది, కత్తితో కోయొచ్చు. కానీ పెరట్లో కాయలు రాలుతుంటే, అంబాజీపేట కొబ్బరి మార్కెట్ అంత దగ్గరలో పెట్టుకుని, మధ్యప్రదేశ్‌లోనో మహారాష్ట్రలోనో పండిన సోయా గింజలు కొనుక్కుని పెరుగు చేసుకోవడం నాకు మనసొప్పదు. పంతం అనుకోండి.

ఆదివారం సీసా లెక్క ఇది. ముదురు కాయలు రెండు, దింపు తీసి నెల దాటినవి. తురుము 420 గ్రాములు, గోరువెచ్చటి నీళ్లు 300 మి.లీ., పిండితే వచ్చిన పాలు 450 మి.లీ. వడకట్టడానికి కొన్న మస్లిన్ గుడ్డ కంటే పాత వాయిల్ చీర ముక్క మేలు, పిప్పి ఒక్క రేణువు కూడా దిగదు. పాలని 72 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచాను. 38కి చల్లారాక చెంచాడు పంచదార, రెండు చెంచాల తరవాణి (అన్నం, గంజి పులియబెట్టిన నీళ్లు) తేట. తొమ్మిది గంటలు హాట్‌ప్యాక్‌లో. తీసేటప్పటికి లోపల 34 డిగ్రీలు. నాది మిల్టన్ హాట్‌ప్యాక్, ఈ పనికి ఇంతకంటే అక్కర్లేదు. వేలు పోసి కొనే యోగర్ట్ మేకర్లు మన వాతావరణంలో శుద్ధ దండగ.

తోడు గురించి కూడా చెప్పాలి. మొదట్లో అందరిలాగే పచ్చిమిరప తొడిమలే వేసేదాన్ని. పని చేస్తాయి గానీ ఒకసారి ఉన్న పులుపు ఇంకోసారి ఉండదు. మందుల షాపులో ప్రోబయోటిక్ క్యాప్సూల్ కొని విప్పి వేస్తే పాలు నురగలు కక్కి మూత ఎగిరింది, కల్లు వాసన. అట్ట తిప్పి చూస్తే అందులో బాక్టీరియాతో పాటు ఈస్ట్ కూడా ఉంది. కొన్నిట్లో బాసిలస్ జాతి బీజాలు మాత్రమే ఉంటాయి, వాటితో పెరుగు ఆశించకండి. ఇప్పుడు తరవాణి కుండే నా తోడు. మూడు తరాలుగా ఇంట్లో ఉన్న అలవాటు, పైసా ఖర్చు లేదు, పులుపు నిలకడగా వస్తుంది.

మంగళవారం

తప్పు కొవ్వుదా, ప్రొటీన్‌దా, వేడిదా అని రెండు రోజులుగా ఇదే గోల. విడివిడిగా చూద్దామని కూర్చున్నాను.

ముందు వేడి. పాలని 90 దాకా తీసుకెళ్తే పొయ్యి మీదే పలుకులు పలుకులుగా విరిగిపోయాయి. కొబ్బరి ప్రొటీన్ 80 దాటితే గడ్డకట్టి కొవ్వుని వదిలేస్తుంది. అసలు వేడి చెయ్యకుండా తోడు పెడితే సీసా అడుగున ఏదో ముక్కిన వాసన. కాబట్టి 72 దగ్గర ఆగడమే సబబు.

తర్వాత కొవ్వు. పాలని రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే పొద్దుటికి పైన గట్టి బిళ్ల కట్టింది. కొబ్బరినూనె 24 డిగ్రీల కిందికి వస్తే పేరుకుంటుంది కదా. ఆ బిళ్లని ఎత్తేసి మిగిలిన పలచటి పాలని మాత్రమే తోడు పెట్టాను. కొవ్వే అడ్డమైతే ఇప్పుడు తోడుకోవాలి. తోడుకోలేదు. పుల్లటి తెల్లనీళ్లు, అడుగున సన్నటి మడ్డి. అంటే కొవ్వు తేలడం పై గొడవే, అసలు లోపం ఇంకో చోట ఉంది.

నా లెక్క ప్రకారం ఇక మిగిలింది ప్రొటీనే. ఆవుపాలలో అది 3.2 శాతం చుట్టూ, గేదెపాలలో 4 దాకా. పీహెచ్ 4.6కి దిగేసరికి ఆ పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ ఒకదానికొకటి పట్టుకుని వల అల్లుతుంది, నీరూ కొవ్వూ ఆ వలలో ఇరుక్కుంటాయి. మనం గడ్డ పెరుగు అనేది అదే. చిక్కటి కొబ్బరిపాలలోనే ప్రొటీన్ 2 శాతం చిల్లర. నేను 300 మి.లీ. పోశాక ఒకటిన్నర కూడా ఉండదేమో. పైగా అది కేసీన్ కాదు. పులుపు పెరిగేకొద్దీ అది కొవ్వు బిందువుల మీద పట్టు వదిలేస్తుంది. పులిసినకొద్దీ పొరలు విడిపోవడానికి కారణం ఇదే అయ్యుండాలి. మిక్సీలో మూడు నిమిషాలు గట్టిగా తిప్పి (ప్రీతి మిక్సీ, ఈ పనికి గట్టి పిండం) తోడు పెడితే పొరలు రావడం రెండు గంటలు ఆలస్యమైంది, అంతే.

డబ్బా కొబ్బరిపాలతో కూడా చూశాను. కంపెనీ పేరెందుకు లెండి. పొరలు రాలేదు, ఎందుకంటే చిక్కదనం కోసం గ్వార్ గమ్ అనే జిగురు పోశారు. అన్నంలో కలిపితే వేళ్లకి తీగలు సాగింది. అది తినే కంటే నీళ్లు పోసుకున్న అన్నం నయం.

గురువారం

చిక్కదనం అరువు తెచ్చుకుందామని సగ్గుబియ్యం మీద పడ్డాను. పెద్దాపురం, సామర్లకోట వైపు మిల్లుల సరుకే, మిక్సీ పట్టిన పిండి. 450 మి.లీ. పాలకి 12 గ్రాములు, 72 డిగ్రీల దగ్గర కలుపుతూ చిక్కబరిచాను. పొద్దుటికి చూడముచ్చటగా ఉంది, చెంచా గుచ్చితే నిలబడింది. వేడన్నంలో వేసి ఉప్పు చల్లి పిసికితే మాత్రం జిగట. అత్తయ్యగారు ఒక ముద్ద తిని, "పెరుగూ కాదు, పాయసమూ కాదు. పోపు పెట్టి పులుసు చేసెయ్యమ్మా" అన్నారు. చేశాను. పులుసు బాగుంది.

తర్వాత చైనా గ్రాస్ (సముద్రపు నాచు నుంచి తీసే అగర్), 2 గ్రాములు. విడిగా కొంచెం నీళ్లలో మరిగించి పాలలో కలిపాను. ఇది 35, 40 డిగ్రీల మధ్య గడ్డకడుతుంది, నా హాట్‌ప్యాక్ లోపల కూడా దాదాపు అంతే వేడి. అది గట్టిపడే లోపే కొవ్వు సగం పైకి తేలిపోయింది. మిగతా సగం జున్నులా ముక్కలైంది. ఒకసారి గట్టిపడ్డ చైనా గ్రాస్ మళ్లీ కరగాలంటే 85 డిగ్రీలు కావాలి. వేడన్నంలో ఎంత నలిపినా ముక్కలు ముక్కలుగానే ఉంటుంది. డిజర్టులకి సరే, పెరుగన్నానికి దండగ.

ఇవి చేసేవాళ్లకి ఒక్క హెచ్చరిక. కొబ్బరిని పులియబెట్టే పని ఆషామాషీ కాదు. ఇండోనేసియాలో కొబ్బరి పిప్పిని పులియబెట్టి చేసే టెంపే బోంక్రెక్ తిని చాలామంది చనిపోయారు, 1988లో దాన్ని నిషేధించారు. ఒక బాక్టీరియా అందులో బోంక్రెకిక్ ఆమ్లం అనే విషం తయారుచేస్తుంది. దానికి రుచీ వాసనా ఉండవు, మరిగించినా పోదు. పులుపు బాగా ఎక్కిన చోట ఆ బాక్టీరియా పెరగలేదు. అందుకే తోడు ఎక్కువే వేస్తాను, పన్నెండు గంటల్లో పీహెచ్ 4.5 కిందికి దిగకపోతే రుచి కూడా చూడకుండా పారబోస్తాను. మీటరు కొనలేకపోతే పీహెచ్ కాగితాలైనా కొనండి. వాసన బాగుందిలే అనుకుంటే కుదరదు.

శనివారం

ప్రొటీన్ తక్కువైతే ప్రొటీనే కలపాలి, జిగురు కాదు. వేరుశనగ పాలు సగం, కొబ్బరిపాలు సగం వేశాను. తోడుకుంది, పొరలు లేవు, చెంచా నిలబడింది. కానీ నోట్లో మొత్తం వేరుశనగే, కొబ్బరి ఎక్కడో వెనకాల ఉంది. రుచి తగ్గించుకుని ప్రొటీన్ మాత్రం ఇచ్చేది కావాలి.

పెసలు ఎందుకు కాకూడదు? సార్వా వరి కోశాక మన చేలల్లో చల్లే అపరాలే కదా. పెసరపప్పులో ప్రొటీన్ 24 శాతం దాకా ఉంది, వాసన సోయా అంత మొండిది కాదు. ఒకే బెడద, పిండి పదార్థం. దాన్ని ఉంచి వేడిచేస్తే మళ్లీ సగ్గుబియ్యం కథే. పొట్టు తీసిన పప్పు 100 గ్రాములు ఆరు గంటలు నానబెట్టి, 600 మి.లీ. నీళ్లతో రుబ్బి, వాయిల్ గుడ్డలో వడకట్టి, గంట కదపకుండా ఉంచాను. గిన్నె అడుగున సుద్దలా తెల్లటి పొర పేరుకుంది, వేలితో గీస్తే కిర్రుమంది. పైపాలని మెల్లగా వంపుకున్నాను. అడుగు పిండి రేపు అట్లలోకి.

ఇక్కడ ఇంకో పేచీ. పెసర ప్రొటీన్ విప్పుకోవాలంటే 80 పైన వేడి కావాలి, కొబ్బరిపాలు 80కే విరిగిపోతాయి. కాబట్టి రెండూ వేరువేరు గిన్నెల్లో. పెసరపాలు 85 దగ్గర పది నిమిషాలు, కొబ్బరిపాలు 72. రెండూ 45కి దిగాక కలిపి మిక్సీలో ఒక తిప్పు, ఆ తర్వాత తరవాణి. మొదట కొబ్బరి 60, పెసర 40. పచ్చి వాసన మిగిలితే అల్లం, కరివేపాకు పోపు ఉండనే ఉంది.

అది కుదిరితే వచ్చే నెల గోదావరి గంగ కాయలతో ఒకసారి చూడాలి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ల సంకర రకం అది, తెలిసినవాళ్ల తోటలో ఉంది. రకాన్ని బట్టి పాల చిక్కదనం మారుతుందేమోనని అనుమానం. పూతరేకుల్లో నెయ్యికి బదులు కొబ్బరినూనె రాసి చూశాను, చల్లబడ్డాక రేకు విరుగుతోంది, దాని సంగతి ఇంకోసారి రాస్తాను.

పెసరపాలని కొబ్బరిపాలతో కలిపి తోడుపెట్టినవాళ్లు ఎవరైనా ఉంటే, పెసరపాలు ఎన్ని డిగ్రీల దగ్గర ఆపారో, ఎంతసేపు ఉంచారో చెప్పండి. 85 దగ్గర నా గిన్నె అడుగంటుతోంది.