ఉదాహరణ కింద మూడు వరుసలు

భాషాశాస్త్రంలో ఎం.ఏ. సిద్ధాంత వ్యాసం రాసే విద్యార్థులు సిద్ధాంత చర్చపై చూపే శ్రద్ధలో సగమైనా ఉదాహరణలపై చూపడం లేదన్నది, ఏటా కొన్ని చిత్తుప్రతులు చదివే నాకు కలిగిన అభిప్రాయం.

‘వచ్చాడు’ అనే మాటనే తీసుకోండి. ఇందులో ‘వచ్చ్’ ధాతురూపం, ‘ఆ’ భూతకాల ప్రత్యయం, ‘డు’ కర్త ఎవరో తెలిపే ప్రత్యయం. అయితే మన లిపిలో ‘చ్చా’ అన్న ఒక్క అక్షరంలోనే ధాతువు చివరి భాగమూ కాలప్రత్యయమూ కలిసిపోతాయి కాబట్టి, తెలుగు లిపిలో అడ్డగీత పెట్టి వాటిని విడదీయడం కుదరదు. అందుకే పైన తెలుగు వాక్యం రాసి, దాని కింద పదాంశాలను (అంటే అర్థమున్న అతి చిన్న భాగాలను) అడ్డగీతలతో విడదీసిన రోమన్ లిప్యంతరీకరణ, ఆ కింద ఒక్కొక్క పదాంశానికి అర్థం, చివర అనువాదం ఇవ్వాలి. ఇలా పదాంశాల వారీగా అర్థాలు రాయడానికి భాషాశాస్త్రంలో వాడే లైప్‌జిగ్ నియమాలు మొత్తం 10 ఉన్నా, లిప్యంతరీకరణలో ఎన్ని అడ్డగీతలుంటే అర్థాల వరుసలోనూ సరిగ్గా అన్నే ఉండాలన్న రెండో నియమాన్ని పాటిస్తే చాలా తప్పులు వాటంతట అవే బయటపడతాయి.

ఇక ఆ వాక్యం ఎక్కడిదన్న ప్రశ్న. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం, 1962లో వెలువడిన వ్యవసాయ పదాలది, రైతుల నోట విన్న మాటలతో తయారైంది. నేను మాత్రం విద్యార్థిగా చతుర్థీ విభక్తి కర్తల (‘నాకు ఆకలేస్తోంది’లో ‘నాకు’ లాంటివి) మీద రాస్తూ, హాస్టల్ గదిలో కూర్చుని వాక్యాలు అల్లాను. మా పర్యవేక్షకులు అంచున పెన్సిలుతో ‘ఇలా ఎవరన్నారు?’ అని రాశారు. ఊరెళ్లి మా అమ్మమ్మను, ఇరుగుపొరుగువారిని అడిగాక పదకొండు వాక్యాలు కొట్టేశాను.